అడుగు నీళ్ల రుచి

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది. అది జీతం పుచ్చుకునే రోజున పనికొస్తుంది. మిగతా రోజుల్లో ఆవిడ చప్పమ్మ. ఏటి నీళ్లు దోసిట్లో ఎత్తి, నోట్లో పోసుకుని, బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, పక్కకు ఉమ్మేసి, "చప్పన" అంటే తూము తలుపు లేస్తుంది. "ఉప్పన" అంటే లేవదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి దగ్గర నేర్చుకున్న విద్య అది. బడి చదువు రెండో తరగతిలోనే ఆగిపోయింది గాని, ఈ విద్యలో తన్ను మించినవాళ్లు ఏటి పొడుగునా లేరని ఆవిడ నమ్మకం. నమ్మకాన్ని కడుపులో దాచుకునే రకం కాదు. ఎవరన్నా వంట రుచి చూడమంటే, "నా నాలుక సర్కారుది, ఇంటి పనులకు వాడకూడదు" అనేది. వండేది కోడలు కాబట్టి ఆ రూలు ఎప్పుడు కావాలంటే అప్పుడు మారేది.

ఏరు సముద్రంలో కలిసేచోటికి కాస్త ఎగువన, పల్లపు నేలలో ఒక అడవి ఉంది. ఆ చెట్లు కాళ్లు నీళ్లలో పెట్టుకుని నెలల తరబడి నిలబడగలవు గాని ఉప్పు మింగలేవు. వెనకటికి వరద వచ్చినప్పుడల్లా ఏరు గట్టు దాటి అడవంతా పరుచుకుని, నేలలో ఉన్న ఉప్పును కడిగి మళ్లీ తనతోనే పట్టుకుపోయేది. తరవాత సముద్రం నీళ్లు రాకుండా ఏటి ఒడ్డు వెంట పొడుగాటి కట్ట వేశారు. కట్ట వేస్తే సముద్రం ఆగింది, దాంతోపాటు ఏరూ ఆగింది. అందుకని కట్ట మధ్యలో ఒక తూము, తూముకు ఇనుప తలుపు, తలుపును పైకి లాగే చక్రం పెట్టారు. సముద్రపు పోటుకు ఏటి నీళ్లు పైకి ఉబ్బుతాయి. అప్పుడు నీళ్లు తియ్యగా ఉంటే తలుపెత్తి అడవికి తాగించాలి. పాటు తీసి ఏరు దిగిపోయాక మళ్లీ ఎత్తి, అడవి కడుక్కున్న మురికి నీళ్లు బయటికి వదలాలి. చప్పమ్మ ఉద్యోగం అంతే. చెప్పడానికి ఒక్క ముక్క, చెయ్యడానికి ఒక జన్మ.

అలా జన్మంతా తాగించినా అడవి ఎండిపోతూనే వచ్చింది. ముందు కొమ్మల చివళ్లు మాడేవి, తరవాత బెరడు ఊడేది, చివరికి బూడిదరంగు మొద్దులు ఎముకల్లా నిలబడేవి. కూలేవి కావు, చిగిర్చేవీ కావు. చచ్చిన చోటల్లా కొత్త మొక్కలు నాటమని సర్కారు నర్సరీ పెట్టింది. ఆ నర్సరీలో మొక్కలు పెంచేది చప్పమ్మ కోడలు. కొడుకు లారీ తోలుతాడు కాబట్టి వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. అత్తాకోడళ్ల మధ్య తగవు తీర్చడానికి మామగారు, అంటే చప్పమ్మ మొగుడు, ఒక్కడే. ఆయన పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. ఇంజను చప్పుడులో ఏమీ వినపడనట్టు నటించడం ఆయనకు బాగా చేతనవును.

కోడలు నాటించిన మొక్కలు ఒక ఏడు చచ్చాయి. పై ఏడూ చచ్చాయి. కొలతలాయన వచ్చి చూశాడు. కొలతలాయనంటే నీళ్ల శాఖలో ఇంజనీరు. మోకాళ్లదాకా బూట్లు, మెడలో తాడుకు కళ్లజోడు. తూము గోడకు ఆయన ఒక యంత్రం బిగించి పెట్టాడు, నీళ్లలో ఉప్పెంతో అది చెబుతుంది. మొదట్లో దాన్ని ఏటి అడుగున పెడితే బురద పట్టి మాటిమాటికీ మూగదయ్యేది. అందుకని శుభ్రంగా ఉండేలా తేలే చెక్కకు కట్టి, నీటిమట్టంతో పాటు పైకీ కిందికీ కదిలేలా అమర్చాడు. అది వచ్చిన రోజున చప్పమ్మకు కోపం వచ్చింది. పదిసార్లు పోటీ పెట్టి చూశాక కోపం పోయింది. ఆవిడ చప్పనంటే యంత్రమూ చప్పనే అంది. ఉప్పనంటే అదీ ఉప్పనే అంది. ఇంక ఆ ఇద్దరికీ మంచి స్నేహం కుదిరింది. తెల్లారి రాగానే దాని నెత్తిమీద కాకి రెట్ట తుడవకుండా చక్రం ముట్టుకునేది కాదు.

నాలుకా యంత్రమూ ఒక్క మాటమీద ఉంటే, మిగిలిన ముద్దాయి ఎవరు? కోడలే. చప్పమ్మ కొలతలాయన ముందు, నాటడానికొచ్చిన ఆడవాళ్లందరి ముందు ఆ మాట అనేసింది.

"నీళ్లలో దోషం లేదు సార్. మొక్కల పెంపకంలోనే ఉంది. మా కోడలు వాటిని నీడపట్టున, చంటిపిల్లల్లా ముద్దుగా పెంచుతుంది. అలా పెంచితే పిల్లలే నిలబడరు, మొక్కలేం నిలబడతాయి?"

కోడలు చేతిలో ఉన్న మొక్కను నాటేసి ఇంకోటి తీసుకుంది. ఇంటికి వెళ్లాక అన్నం వడ్డించింది గాని పలకరించలేదు. తరవాత, ఉప్పు అలవాటు చెయ్యమని అత్తగారు అంటే, నారుమళ్లకు కాస్త కాస్త ఉప్పు కలిపి పోసి చూసింది. మంచి మొక్కలు ఒక వరుస పోయాయి. అప్పటినుంచి అత్తాకోడళ్లు మామగారి ద్వారా మాట్లాడుకోవడం మొదలైంది. "మీ ఆవిడకు చెప్పండి" అని ఈవిడా, "మీ కోడలికి చెప్పండి" అని ఆవిడా. పాపం ఆయనకు ఇంజన్ల కంటే అదే పెద్ద పనయింది.

ఎండలు ముదురుతుండగా కొలతలాయన మళ్లీ వచ్చాడు. ఈసారి కబురు మంచిది కాదు. వచ్చే వానల్లో నాటేదే ఆఖరి నాటు అన్నాడు. అవి కూడా చస్తే నర్సరీ ఎత్తేస్తారు, కట్ట నిర్వహణ ఆపేస్తారు, అడవిని సముద్రానికి వదిలేస్తారు. ఆయన చెబుతూ కళ్లజోడు తుడుచుకున్నాడు, తుడిచిందే తుడిచాడు. కోడలు ఆయన మొహంకేసి చూడలేదు. నారుమడిలో కలుపు పీకుతూ, "ఇంకా చాలా చెట్లు బతికే ఉన్నాయి సార్" అని మాత్రం అంది.

ఆ మాట చప్పమ్మ చెవిలో పడింది. బతికే ఉన్నాయి, నిజమే. ఎక్కడ? అడవికి ఆ చివర, తూముకు దూరంగా. ఇన్నాళ్లూ ఆవిడ దానికి ఒక అర్థం చెప్పుకుంది, అటు వైపు చెట్లు మొండివని. ఇప్పుడు మొదటిసారి ఆ అర్థం పంటికింద రాయిలా తగిలింది. తాగించేది తూము దగ్గర. ముందుగా తాగేవి తూము పక్కనున్న చెట్లు. కడుపునిండా తాగినవి చచ్చి, గొంతు తడవనివి బతకడమేమిటి?

ఇదేదో తేల్చుకుందామని కూచునేలోపే ఇంకో పని తగిలింది. తలుపు అడుగున ఉండే రబ్బరు పట్టీ చినిగింది. మామూలుగా తలుపును మోకాలెత్తు లేపితే చాలు. పట్టీ మార్చాలంటే మాత్రం మొత్తం పైకి లాగాలి. అంతకుముందు అలాంటి పనికి ఆఫీసు నుంచి మనుషులు వచ్చి, తామే లాగి, తామే గోకి, రంగు పూసి పోయేవాళ్లు. ఈసారి ఆఫీసు వాళ్లు రామన్నారు. ఎలాగూ ఏడాదిలో వదిలేసే తూముకు మనుషులెందుకని. అందుకని మొగుడూ పెళ్లాలే గొలుసు కట్టి లాగారు.

తలుపు నీళ్లు కారుస్తూ పైకొచ్చింది. పై సగానికి పచ్చటి పాచి పట్టి ఉంది. కింది సగానికి తెల్లటి గుల్లలు, సున్నం పెట్టి మెత్తినట్టు, గరుగ్గా, దట్టంగా. మధ్యలో గీత గీసినట్టుంది.

మామగారు గోకుడు కత్తి తీసుకుని గుల్లలు రాలగొట్టడం మొదలుపెట్టాడు. "సముద్రంలో తిరిగే పడవల అడుగున పడతాయివి. ఏట్లో తిరిగే పడవకి ఒక్కటి కూడా అంటదు. గోకలేక చస్తాం" అని తనలో తాను గొణుక్కున్నాడు.

చప్పమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఏట్లో పడవకి అంటవా?"

"మంచినీళ్లలో బతకవే అవి."

"మరి మన తలుపు ఏట్లోనే ఉంది కదండీ."

ఆయన కత్తి ఆపాడు. తలుపుకేసి చూశాడు, నీళ్లకేసి చూశాడు, పెళ్లాంకేసి మాత్రం చూడలేదు. ముప్పొద్దులా తూము గురించి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదనే మనిషికి ఇలాంటి సందేహం దానంతట అదే తీరాలి, మధ్యలో ఎవరన్నా తల దూరిస్తే ఆవిడ కొరుకుతుంది. ఆయనకా అనుభవం ఉంది.

ఆవిడ మెట్లు దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని పుక్కిలించింది. చప్పన. పక్కనే తేలుతున్న యంత్రాన్ని చూసింది. అదీ చప్పనే అంటోంది. గుల్లలు మాత్రం ఉప్పనంటున్నాయి. ఇద్దరు ఒక మాట, ఒకరు ఒక మాట. ఎవరి మాట నమ్మాలి? గుల్లలకు గొప్పలు చెప్పుకునే అవసరం లేదు.

అడుగు నీళ్లు కావాలి. చెంబు ముంచితే పై నీళ్లే నిండుతాయి. బిందె దించితే దిగేలోపు పైనే నిండుతుంది. ఆ పొద్దంతా ఆవిడ అన్నం సయించక ఆలోచించింది. చివరికి ఒక ఖాళీ నూనె సీసా కడిగి, దానికి బిరడా బిగించి, కింద ఇటుకముక్క కట్టింది. సీసాకు ఒక తాడు, బిరడాకు ఒక తాడు. మామగారు చూసి విషయం పట్టేశాడు.

"నోరు మూసుకుని అడుగుదాకా వెళ్లాలి, వెళ్లాక తెరవాలి. అంతే కదా? ఆ మొదటి సగం నీ చేతిలో ఎలా నేర్చుకుంటుందో ఆ సీసా."

"మీ దగ్గర నేర్చుకుంటుందిలెండి. అవసరమైన చోట నోరు విప్పకుండా ఉండడం మీకే బాగా తెలుసు" అని ఆవిడ సీసా దించింది.

మొదటిసారి బిరడా మధ్యలోనే ఊడింది. రెండోసారి ఇటుక జారిపోయింది. తాళ్లు మార్చి, మైనం పూసి, ఓపిగ్గా మళ్లీ దించింది. ఇటుక బురదకు తగలగానే బిరడా తాడు లాగింది. నీళ్లమీద బుడగలొచ్చాయి. సీసా పైకి తీసి, మూతి తుడిచి, నోట్లో పోసుకుంది.

ఉమ్మలేదు. కాసేపు అలాగే బుగ్గల్లో పట్టుకుని నిలబడింది. ఉప్పన కూడా కాదు, ఉత్త సముద్రం. నాలుక మీద మండుతోంది.

తలుపు లేచేది అడుగు నుంచి. లోపలికి పోయేది అడుగు నీళ్లు. తాను రుచి చూసేది పై నీళ్లు.

మామగారు కూడా ఒక చుక్క నోట్లో వేసుకుని మొహం చిట్లించాడు. "పైన పటారం, లోన లొటారం" అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు. కట్ట దిగి అడవిలోకి నడిచింది. తూము దగ్గరినుంచి ఆ చివరిదాకా, నీళ్లు పారే దారివెంట. ముందు మొద్దులు, తరవాత బెరడూడినవి, తరవాత చివళ్లు మాడినవి, తరవాత పచ్చవి. నేల మీద తన చేత్తో ముగ్గేసినట్టే ఉంది. ఆశ్చర్యమేమిటంటే, ఏడుపు రావలసిన చోట ఆవిడకు ముందు తెలుసుకోవాలనే తహతహ వచ్చింది. పైనా అడుగునా నీళ్లు కలవకుండా ఎలా ఉన్నాయి? ఎక్కడిదాకా ఉన్నాయి? అన్ని రోజులూ ఇలాగే ఉన్నాయా? అవన్నీ అడిగేసుకున్నాక ఇంకొకటి గుర్తొచ్చింది, నడక ఆగిపోయింది. కోడలు.

తాను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మామగారు ఎలాగూ నోరు విప్పడు. నాలుక మీద బతికిన పేరు అలాగే ఉంటుంది, మొక్కలు మళ్లీ చస్తాయి, నర్సరీ పోతుంది, అడవీ పోతుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇంకొన్నాళ్లు అనుకోవచ్చు. కట్టమీదికి తిరిగొచ్చి, ఇంకో సీసాలో పై నీళ్లు పట్టుకుని, రెండు చేతుల్లో రెండు సీసాలతో నర్సరీకి వెళ్లింది. మామగారి ద్వారా కాకుండా కోడలితో మాట్లాడడం చాలాకాలానికి అదే.

కోడలు సీసాలు చూసి లేచి నిలబడింది. "ఇంకేం మందు పొయ్యమంటారు అత్తయ్యా మొక్కలకి?"

"మొక్కలకి కాదు, నీకు. రెండూ రుచి చూడు."

కోడలు అనుమానంగానే చూసింది. మొదటిది మింగేసింది. రెండోది ఉమ్మేసి, కొంగుతో నోరు తుడుచుకుంది. "సముద్రం దాకా ఎప్పుడు వెళ్లారు?"

"ఎక్కడికీ వెళ్లలేదు. రెండూ మన తూము దగ్గరివే. ఆ మొదటిది పైన, ఇది అడుగున."

కోడలికి ఇంకా వివరించి చెప్పవలసిన అవసరం లేకపోయింది. చేతిలో ఉన్న మొక్కను మెల్లిగా కింద పెట్టింది. "అయితే నా మొక్కలు..."

"నీ మొక్కలకేం రోగం లేదు. నేనే పోశాను."

"ఈ మాట ఆ సారు ముందు అంటారా?"

"నిన్ను అందరి ముందూ అన్నాను కదా. ఇదీ అందరి ముందే అంటాను. నువ్వు మాత్రం పక్కన నిలబడి నవ్వకూడదు."

"నవ్వనత్తయ్యా" అంది కోడలు. "ఇంటికొచ్చాక నవ్వుకుంటాను."

కొలతలాయన వచ్చినప్పుడు ఆవిడ అన్నట్టే చెప్పింది. నాటడానికొచ్చే ఆడవాళ్లు కూడా ఉన్నారు, ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు కూడా. కొలతలాయన మాత్రం నవ్వలేదు. తేలే చెక్క నుంచి యంత్రం విప్పి, పొడుగాటి తీగకు కట్టి, తానే మోకాళ్లమీద కూచుని మెల్లిగా దించాడు. సగం లోతుదాకా మామూలుగా ఉంది. ఆ తరవాత అంకెలు ఒక్కసారి ఎగిరాయి. పైకి తీసి తుడిచి మళ్లీ దించాడు, మళ్లీ ఎగిరాయి. చిన్నపిల్లాడికి చేప పడ్డట్టు ఆయన మొహం వెలిగిపోయింది. తన యంత్రాన్ని తేలే చెక్కకు కట్టింది తానేనన్న సంగతి ఆయనకు కాసేపటికి గాని గుర్తు రాలేదు.

అక్కడే కూచుని ఆయన విడమరచి చెప్పాడు. ఉప్పు నీళ్లు బరువు. పోటు వచ్చినప్పుడు అవి మంచినీళ్ల కిందగా, ఇంటి గుమ్మం కిందనుంచి పాము దూరినట్టు, అడుగున పాక్కుంటూ పైకొస్తాయి. ఏరు నిండుగా పారే రోజుల్లో ఆ పామును ఎప్పటికప్పుడు బయటికి నెట్టేసేది. ఎగువన ఆనకట్ట కట్టాక ఏటికి ఆ బలం తగ్గింది, పాము ఇక్కడిదాకా వచ్చి పడుకుంది.

"అంటే మా అత్త కాలంలో పై రుచీ అడుగు రుచీ ఒకటే?"

"ఒకటేనమ్మా. ఆవిడ నేర్పింది తప్పు కాదు."

"పోనీ ఆవిడ మీద తోసేద్దామనుకున్నా కుదరలేదు" అంది చప్పమ్మ.

ఇక ఏం చెయ్యాలన్నది అంత తేలిగ్గా తేలలేదు. లోపలికి పై నీళ్లే పోవాలి, అడుగు నీళ్లు పోకూడదు. తలుపు మాత్రం పైనుంచి తెరుచుకోదు. చివరికి మామగారు బల్లచెక్కలు చదరంగా కోసి, తూము ముందు ఒకదానిమీద ఒకటి అడ్డుగోడలా పేర్చేలా ఏర్పాటు చేశాడు. తలుపు పైకెత్తి, పై చెక్క ఒకటి తీస్తే, పై నీళ్లే చెక్కల అంచు దాటి లోపలికి జారుతాయి. మొదటిరోజు ఆ ధార చూసి కొలతలాయన పెదవి విరిచాడు. ఇంత సన్నటి ధారతో నేలలో పేరుకున్న ఉప్పు కడగడం అనుమానమే అన్నాడు. ఈసారి మొక్కలన్నీ ఆ చివర, బతికిన చెట్ల నీడన నాటిద్దామన్నాడు, ఆఫీసుకు చూపించడానికి కొన్నైనా మిగులుతాయని.

కోడలు ఒప్పుకోలేదు. సగం అక్కడ, సగం తూము దగ్గర అంది. తూము దగ్గర బతకకపోతే ఆ చివర బతికినా లాభం లేదు, ఉప్పు ఇవాళ కాకపోతే రేపు అక్కడికీ పోతుంది అంది. కొలతలాయన చప్పమ్మ వైపు చూశాడు. కోడలిని ఒక మాట అనడానికి అంతకంటే మంచి అవకాశం రాదు. చప్పమ్మ ఒక మొక్కల బుట్ట ఎత్తి తూము వైపు నడిచింది.

వానలు పడ్డాయి. ఏటికి ఎర్రనీళ్లు వచ్చాయి. చప్పమ్మ పని రెట్టింపయింది. పోటుకు పై చెక్క తియ్యాలి. పాటుకు చెక్కలన్నీ తీసి, తలుపు కిందనుంచే అడవి నీళ్లు వదలాలి. బరువైన ఉప్పు అడుగున చేరుతుంది కదా, బయటికి పోయేటప్పుడు ఆ అడుగు దారే మంచిది. లోపలికి రావడానికి పై దారి, బయటికి పోవడానికి కింది దారి. ఇది ఆవిడకు భలే నచ్చింది. వచ్చినవాళ్లందరికీ చెప్పింది, రానివాళ్లకు కబురు పంపి చెప్పింది. ప్రతి పోటుకూ సీసా దించి రెండు రుచులూ చూసేది. ఏరు బాగా పొంగిన వారంలో ఒకరోజు అడుగు నీళ్లు కూడా చప్పగా వచ్చాయి. ఆ రోజు చెక్కలన్నీ లాగిపారేసి, తలుపు బార్లా తెరిచి, అడవిని మోకాళ్లలోతు నీళ్లలో నిలబెట్టింది.

వానలు వెనక్కి తగ్గాక తూము దగ్గర వరుసలో ఆకుల అంచులు మాడాయి. చూస్తుండగానే ఆకులు రాలాయి. కొలతలాయన వచ్చి మాడిన మొక్కల లెక్క రాసుకుని వెళ్లాడు. కోడలు రోజూ పొద్దున్నే వెళ్లి, ఒక్కొక్క మొక్క కాడను గోటితో కాస్త గీరి చూసి వచ్చేది. లోపల పచ్చగా ఉందో లేదో ఆ గీరుడులో తెలుస్తుంది. వచ్చాక అత్తగారు అడిగేది కాదు, ఈవిడ చెప్పేది కాదు. అయినా ఆ రోజుల్లో మామగారి ద్వారా మాట్లాడుకోవడం మానేశారు. మాట్లాడుకోవడానికి ఏమీ లేకపోయినా నేరుగానే మౌనంగా ఉండేవాళ్లు.

ఒక పొద్దున కోడలు కట్టకింద నుంచి కేకేసింది. చప్పమ్మ చక్రం వదిలి దిగింది. బోసి కాడల మీద గోరంత చిగుళ్లు, అన్నిటికీ కాదు. కొన్ని నిజంగానే పోయాయి, గీరితే గోధుమరంగు. మిగిలినవాటికి మాత్రం, తూముకు ఆనుకుని నాటినవాటికి కూడా, ఎర్రటి లేత ఆకు విప్పుకుంటోంది. చప్పమ్మ వంగి ఒక చిగురు తుంపి నోట్లో వేసుకోబోయింది. కోడలు చెయ్యి అడ్డం పెట్టింది. "అన్నిటినీ రుచి చూడక్కర్లేదత్తయ్యా."

కొలతలాయన ఆఫీసుకు వెళ్లి గట్టిగా మాట్లాడాడు. నర్సరీ ఉంచుతామన్నారు, కట్టా ఉంచుతామన్నారు. ఎల్లకాలం అని మాత్రం అనలేదు, చూద్దామన్నారు. కోడలికి ఆ మాట చాలు. ఇంకొన్ని నారుమళ్లు పోసింది.

చప్పమ్మకు మాత్రం చాలలేదు. పాము ఇక్కడిదాకా వచ్చిందని తెలిసింది సరే, దాని తల ఎక్కడుంది? ఎగువన ఇంకో కట్ట ఉంది, దానికీ తూముంది, అక్కడా ఎవరో పై నీళ్లు చూసి తలుపెత్తుతూనే ఉంటారు. కొలతలాయనను అడిగితే అంత ఎగువన కొలవలేదన్నాడు. దాంతో పోటులేని ఒక పొద్దున మామగారిని బాగుచేసిన పడవ ఒకటి దించమంది. సీసా, ఇటుక, తాళ్లు సర్దుకుంది. ఒక్కొక్క మలుపు దగ్గర ఇంజను ఆపించడం, సీసా దించడం, నోట్లో పోసుకోవడం.

"ఎక్కడిదాకా?" అన్నాడాయన, మూడో మలుపు దాటాక.

చప్పమ్మ నోటినిండా నీళ్లున్నాయి. చెయ్యెత్తి ఎగువకు చూపించింది.